పర్వాలేదనిపించే కడియం

మా ఇంట్లో నన్ను అనుమానాల హైమ అంటారు. పాలు పల్చగా ఉంటే ఎన్ని నీళ్ళు పోశాడో అంటాను, చిక్కగా ఉంటే ఇవాళ ఇంకేం కలిపాడో అంటాను. ఆటోవాడు నా బేరానికి వెంటనే ఒప్పుకుంటే ఆ ఆటో ఎక్కను. "అనుమానం పెనుభూతం వదినా" అని మా మరిది ఫణి ఏడిపిస్తూ ఉంటాడు. ఏడిపించనీ. ఆ భూతం నన్ను పట్టి ఉండకపోతే మా ఝాన్సీ కుడిచెయ్యి ఇవాళ ఎందుకూ పనికిరాకుండా పోయేది.

ఝాన్సీ ఫణి భార్య, నాకు తోడికోడలు. విజయవాడ గాంధీనగర్‌లో ప్రెస్సులన్నీ ఉండే సందులో మా ఇద్దరికీ ఒక డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు కొడతాం. టైపు ఝాన్సీది. ప్రూఫులు చూడటం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని. శుభలేఖ కొట్టించేవాళ్ళు ఊరికే కాగితం ఇచ్చి పోరు. ఆపరేటరు పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, పెదనాన్న పేరు పైకి జరపమని ఒకరు, మేనమామ పేరు చిన్నగా కనిపిస్తోందని ఇంకొకరు, తెర మీద వేలు పెట్టి చూపిస్తూనే ఉంటారు. వాళ్ళు లేచి వెళ్ళాక ఝాన్సీ వాళ్ళ ఏడు తరాలనీ కడిగేసేది. అది వింటూ నేను కాఫీ తాగేదాన్ని. మా సెంటర్లో అదొక్కటే వినోదం.

అలాంటి మనిషికి మణికట్టు నొప్పి పట్టుకుంది. ముంజేతి నుంచి బొటనవేలి దాకా లాగేస్తోందనేది, రాత్రి చెయ్యి తిమ్మిరెక్కి నిద్ర పట్టట్లేదనేది. "ఈ చెయ్యి నరికి కృష్ణలో పారేస్తా అక్కా, నీ మీదొట్టు" అని రోజూ అనేది. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చేతికి పట్టీ ఇచ్చాడు, కీబోర్డు మోచేతి ఎత్తులో పెట్టుకోమన్నాడు, మధ్యమధ్యలో లేచి వేళ్ళు చాపమన్నాడు. వెళ్ళేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పాడు.

"మణికట్టు లోపల నరం నలుగుతోందమ్మా. ఇలాగే చాలాకాలం నలిగితే బొటనవేలి మొదట్లో ఉన్న కండ కరిగిపోతుంది. కరిగింది తిరిగి రాదు. నొప్పి ఎక్కువైతే మాత్రం ఆలస్యం చెయ్యకండి, చిన్న ఆపరేషనుతో పోతుంది."

బాగానే ఉంది. కానీ ముందు వైశాఖ మాసం, తరవాత మూఢం. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే వచ్చి మా బల్ల మీద పడ్డాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. లేచి వేళ్ళు చాపుకునే తీరిక ఎక్కడిది?

అప్పుడు ఫణి కడియం తెచ్చాడు.

ఫణి గన్నవరం దారిలో ఒక ల్యాబులో ఇంజనీరు. కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళ చేతినొప్పి కోసం వాళ్ళొక యంత్రం చేస్తున్నారని వింటూనే ఉన్నాం. చూస్తే అచ్చం గాజు లాగే ఉంది, కాస్త వెడల్పుగా, బూడిద రంగులో. చేతికి తొడిగితే మణికట్టు దగ్గర నాడి మీద సన్నగా తడుతూ ఉంటుంది. ఆ తట్టుడుతో నరంలో పోయే నొప్పిని అణచేస్తుందట. కొత్తగా తొడిగినప్పుడు వెంటవెంటనే, ఆ తరవాత రోజూ సాయంత్రం కాగానే ఆడగొంతుతో "ఎలా ఉందండీ నొప్పి?" అని అడుగుతుంది. మనం చెప్పే జవాబును బట్టి తన తట్టుడు మార్చుకుంటుంది.

"బయటిదేశాల యంత్రాలు నొప్పికి మార్కులు వెయ్యమంటాయి వదినా, సున్నా నుంచి పదికి. మనవాళ్ళెవరన్నా వేస్తారా? 'అబ్బో' అంటారు, 'పీకేస్తోంది' అంటారు, 'సలుపు' అంటారు. అందుకని మన మాటలే నేర్పాను. 'చచ్చిపోతున్నా' పైన, 'పర్వాలేదు' కింద. పర్వాలేదు అనిపించేదాకా అది వదిలిపెట్టదు" అన్నాడు ఫణి. మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాడు.

"ఊరికే ఇస్తున్నారా?" అన్నాను.

"ట్రయల్ కదొదినా. ఊరికే."

ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. అయినా ఝాన్సీ చెయ్యి చాపేసింది. నొప్పి పడేది తను, నేనెవర్ని కాదనడానికి?

కడియం పనిచేసింది. అది కాదనను. వారం తిరక్కుండానే ఝాన్సీ చేతిపట్టీ సొరుగులో పడేసి, మునుపటి కన్నా వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం దాని గొంతు "ఎలా ఉందండీ నొప్పి?" అనగానే ఝాన్సీ "పర్వాలేదు" అనేది. ఫణి ముఖం మతాబా. సీజను గట్టెక్కుతుందని నేనూ సంతోషించాను.

తరవాత కొన్నాళ్ళకి ఒక పెళ్ళికొడుకు మేనత్త వచ్చింది. కార్డు మీద తన పేరు ఎక్కడ ఉండాలో ఆవిడకే తెలియదు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. మధ్యాహ్నమంతా మార్పించి, చివరికి మొదట కొట్టిందే బాగుందని చెప్పి వెళ్ళిపోయింది. నేను కాఫీ కలుపుకుని వచ్చి, ఇక వినోదం మొదలవుతుందని కూర్చున్నాను. ఝాన్సీ ఏమీ అనలేదు. తరవాతి కార్డు తీసింది.

"ఏమే, ఆవిడ్ని ఏమీ అనవా?"

"ఏముందక్కా, పెద్దావిడ. పర్వాలేదు."

నా కాఫీ చల్లారిపోయింది. కోపం తెచ్చుకోని ఝాన్సీని నేను చూడటం అదే మొదలు. మొగుడూ పెళ్ళాం గొడవ పడ్డారేమో, అది మనసులో పెట్టుకుని ముభావంగా ఉందేమో అని ముందు అనుమానించాను. ఫణిని నిలదీశాను. వాడు నవ్వాడు. "గొడవలా? ఈ మధ్య మా ఇంట్లో గొడవే లేదొదినా. అంత హాయిగా ఉంది" అన్నాడు. ఆ మాటతో నా అనుమానం తగ్గలేదు, రెట్టింపయింది.

అప్పట్నుంచి ఝాన్సీని గమనిస్తూ ఉన్నాను. ఎండాకాలం సాయంత్రాలు తను పని మధ్యలో మల్లెపూలు కట్టేది. ఝాన్సీ కట్టిన మాల వాడిపోతుందే గానీ విడిపోదు, ముడి అంత బిగువు. ఒకరోజు నా జడలో పెట్టింది, ఇంటికి వెళ్ళేలోపు పూలన్నీ దారిలో రాలిపోయాయి. మర్నాడూ అంతే. కట్టేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. దారం బొటనవేలి కింద నిలవట్లేదు. జారిపోతుంటే చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి కడుతోంది.

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"పర్వాలేదక్కా."

"ఉందా లేదా అని అడిగాను."

"పర్వాలేదంటున్నాగా."

లేదని మాత్రం అనలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా అడిగినా ఒక్కసారి కూడా లేదు అనలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నవ్వి ఊరుకుంది.

ల్యాబులో చెకప్పు ఉందంటే తోడుగా వెళ్ళాను. అక్కడ హాలులో ట్రయల్లో ఉన్నవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. అందరూ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళే, అందరి చేతులకీ బూడిదరంగు కడియాలు. కరెంటు పోయింది. జనరేటరూ మొరాయించింది. బయట బెజవాడ ఎండ, లోపల కిటికీలు తెరుచుకోని అద్దాల గది. చెమటలు ధారలు కడుతున్నాయి. పిలవాల్సినవాళ్ళు ఎంతకీ పిలవలేదు. నేను రెండుసార్లు లేచి వెళ్ళి అరిచొచ్చాను. మూడోసారి లేవబోతూ ఆగాను. ఆ హాలులో అరిచింది నేనొక్కదాన్నే. ఎవరూ విసుక్కోలేదు, కాగితంతో విసురుకోలేదు, పక్కవాడితో "ఏంటండీ ఇది" అని కూడా అనలేదు. రేషన్ షాపులో చూశాను, రైల్వే రిజర్వేషన్ దగ్గర చూశాను, గుడి క్యూలో దేవుడి ముందు కూడా చూశాను. పదిమంది చేరిన చోట గొణుగుడు లేకుండా ఉండటం ఎక్కడా చూడలేదు.

డైరెక్టరు సుధీర్ గారు వచ్చి చేతులు కట్టుకుని హాలంతా మురిపెంగా చూశాడు. "చూశారామ్మా, ఎంత ప్రశాంతంగా ఉన్నారో. ఇన్ని నెలల్లో ఒక్క ఫిర్యాదు రాలేదు" అన్నాడు.

"అదే నా భయమండీ" అన్నాను. ఆయన అదేదో హాస్యం అనుకుని నవ్వాడు.

ఇక నేను ఎలాగైనా తేల్చాలనుకుంటుండగానే ఇంకోటి జరిగింది. ఝాన్సీ కూతురు లాస్య బడి నుంచి సరాసరి మా సెంటర్‌కే వస్తుంది. ఆ రోజు వ్యాను వచ్చింది గానీ అందులో పిల్ల లేదు. డ్రైవరుని అడిగితే ఎక్కలేదమ్మా అన్నాడు. ఝాన్సీకి చెప్పాను. తను తెర మీంచి కళ్ళు తిప్పింది, ఒక్క క్షణం ఏదో గుర్తు తెచ్చుకోబోతున్నట్టు నుదురు ముడిచింది. కడియం కింద చర్మం సన్నగా అదరడం నేను చూశాను. నుదుటి మీద ముడి విడిపోయింది.

"వస్తుందిలే అక్కా. పర్వాలేదు" అని మళ్ళీ టైపు కొట్టుకుంది.

నేను, మా ఆయన రామ్మోహన్ బడి చుట్టూ వీధులన్నీ తిరిగాం. పిల్ల స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజు కేకు తింటూ దొరికింది. ఎత్తుకుని సెంటర్‌కి తెచ్చి తల్లి ముందు నిలబెట్టాను. ఝాన్సీ దాని తల నిమిరి "వచ్చావా" అంది. అంతే. లాస్య తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిందేమో, తల్లి ముఖంలోకి చూసి నా చీరకొంగు వెనక దాక్కుంది. పిల్లకీ అర్థమైంది.

మర్నాడే ఫణిని సెంటర్‌కి పిలిచి కూర్చోబెట్టాను.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నీ కడియానికి నొప్పి తగ్గించమని నేర్పావా, పర్వాలేదనిపించమని నేర్పావా?"

"రెండూ ఒకటే కదొదినా."

"నొప్పి ఉన్నా పర్వాలేదు అనే మనిషిని నువ్వు చూడలేదా? మీ అమ్మ ఏమనేది? నేనేమంటాను? ఇంటికొచ్చిన చుట్టం కాలు తొక్కితే ఏమంటాం?"

ఫణి చూపు తన చేతుల మీదికి దిగిపోయింది. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా చెప్పాడు. నాడి మీద ఒక వరసలో తడితే మనసు కూడా నెమ్మదిస్తుందని వాళ్ళకి తెలుసు. కడియానికి తట్టే పద్ధతులు వాళ్ళు నేర్పలేదు, అదే వెతుక్కుంటుంది. నలిగే నరంలో నొప్పి అణచడం రోజురోజుకీ కష్టమవుతుంది. మనిషిని ఊరుకోబెట్టడం రోజురోజుకీ తేలికవుతుంది.

"అది తేలిక దారి పట్టిందేమో" అన్నాడు. "కానీ రుజువేది వదినా? రుజువు లేకుండా డైరెక్టరుగారికి ఏం చెప్పను?"

"ఇంకో కడియం తే" అన్నాను.

వాడు వద్దన్నాడు. మా ఆయనా వద్దన్నాడు. నేను పట్టుబట్టి తెప్పించాను. అనుమానాల మనిషికి కూడా ఒక సుఖం ఉంది, దేనికైనా ముందే కట్టుదిట్టం చేసుకుంటుంది. సెంటర్‌లోనే మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను: "నేను కాఫీ తాగి కప్పు కింద పెట్టగానే దీన్ని నా చేతి నుంచి తీసెయ్యాలి. వద్దని నేను బతిమాలినా సరే, తియ్యాలి." నాకు నొప్పి లేదు కనక బట్టలు ఆరేసే క్లిప్పొకటి చిటికెన వేలికి పెట్టుకున్నాను. ఇనప స్ప్రింగుది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కడియం తొడిగాను.

"ఎలా ఉందండీ నొప్పి?" అంది.

"చచ్చిపోతున్నా" అన్నాను. నిజమే మరి.

తట్టడం మొదలుపెట్టింది. పసిపిల్లని జోకొట్టినట్టు ఉంది. మళ్ళీ అడిగింది, పీకేస్తోందన్నాను. మళ్ళీ అడిగింది. ఈసారి జవాబు చెప్పబోతూ వేలి వైపు చూసుకున్నాను. నొప్పి అలాగే ఉంది. రవ్వంత కూడా తగ్గలేదు, అది నేను ఒట్టేసి చెబుతాను. వేలు నల్లబడుతోంది కూడా. కానీ అది ఎవరిదో పక్కవాళ్ళ గొడవలా ఉంది. మనం తలదూర్చడం ఎందుకులే అనిపించింది.

"పర్వాలేదు" అన్నాను.

ముందుగా అనుకున్నట్టు మా ఆయన గొంతు సవరించుకుని, "మీ తమ్ముడికి ఇస్తానన్న పాత సిస్టం నిన్న పాతసామానుల వాడికి ఇచ్చేశాను" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి మా ఇంట్లో వారం రోజులు వంట ఉండదు. అబద్ధమని కూడా నాకు తెలుసు. అయినా నిజమే అయితే ఏం చేసేదాన్నా అని ఆలోచించుకున్నాను. ఏమీ చేసేదాన్ని కాదు. వాడు ఇంకోటి కొనుక్కుంటాడు.

"పోనీలెండి" అన్నాను. కాఫీ తాగి కప్పు కింద పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనివ్వండి. బానే ఉందిగా" అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

ఆయన లాగేశాడు. మరుక్షణం వేలి నొప్పి నెత్తికెక్కింది. క్లిప్పు పీకి గోడకేసి కొట్టాను. అరిచాను, ఆయన్ని కూడా తిట్టినట్టున్నాను. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు తిట్టకపోతే భయమేసింది హైమా" అన్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నాతో అన్న మంచిమాటల్లో అదొకటి.

ఫణి అంతా చూశాడు. లేచి, టైపు కొడుతున్న ఝాన్సీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతి కడియం విప్పాడు.

"ఎందుకండీ, పర్వాలేదు కదా" అంటూనే ఉంది ఝాన్సీ. కడియం చేతిని వదిలింది. తను రెండు క్షణాలు తన చేతినే చూసుకుంది. తరవాత వచ్చిన కేక విని పక్క ప్రెస్సులో మిషను ఆపేశారు. ఇన్ని నెలల నొప్పి తిరిగొచ్చింది కాబోలు, ఆ చేతిని పొట్టకి అదుముకుని కింద కూలబడింది. ఫణి పట్టుకోబోతే తోసేసింది. కానీ తను ఏడ్చింది చేతి కోసం కాదు.

"నా పిల్ల వ్యానులో రాలేదని నువ్వు చెబితే నేను కార్డు కొట్టుకుంటా కూర్చున్నానా అక్కా? నేనేనా? నా కూతురు దొరక్కపోయి ఉంటే? అప్పుడూ ఇలాగే కూర్చునేదాన్నా?"

నేను తనని పొదువుకుని కూర్చున్నాను. నాకూ ఏడుపాగలేదు.

ఎముకల డాక్టరు బొటనవేలు చిటికెన వేలికి ఆనించమన్నాడు. ఝాన్సీ పళ్ళ బిగువున ప్రయత్నించింది, అందలేదు. బొటనవేలి మొదట్లో బొద్దుగా ఉండాల్సిన చోటు పల్లంగా ఉంది. ఆయనకి మా మీద కోపం వచ్చింది.

"ఇంతవరకూ ఏం చేస్తున్నారమ్మా? నొప్పి లేదా?"

"ఉందండి" అంది ఝాన్సీ. "ఉన్నా నాకు ఏమీ అనిపించలేదు."

మర్నాడే ఆపరేషను చేశారు. నరం మీద ఒత్తిడి తీసేశాననీ, మిగిలిన కండ నిలబడుతుందనీ, పోయింది వస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ వేలికి గుండీ పెట్టుకునే శక్తి కూడా మిగిలేది కాదట.

ఫణి డైరెక్టరుగారికి అంతా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, "కడియాలు కొంటామని ముందుకొచ్చిన ఆఫీసులు ఏమని మెచ్చుకుంటున్నాయో తెలుసా ఫణీ? స్టాఫు గొణగడం మానేశారని. నువ్వు దాన్ని లోపమంటున్నావు" అన్నాడట. ఫణి ఆ ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళలేదు. ట్రయల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టాడు. ఎవరూ తీయనివ్వలేదు. నవ్వుతూ, మంచినీళ్ళిచ్చి, "ఉండనివ్వండి, పర్వాలేదు" అన్నారు. వాళ్ళని కాదు, ఇంట్లో వాళ్ళని అడగమని నేనే చెప్పాను. గొణిగే మనిషి గొణగడం మానేసిందని దిగులుపడే ఇల్లు ఏదన్నా ఉంటే తలుపు తీస్తుంది కదా. కొన్ని ఇళ్ళవాళ్ళు ఏడుస్తూ తీసిచ్చారు. కొన్ని ఇళ్ళల్లో మాత్రం, ఇప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉంది, మీకెందుకండీ అన్నారు. ఫణి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఝాన్సీ మంచం మీద దిళ్ళకి ఆనుకుని ఉంది. చేతికి కట్టు. లాస్య పక్కన పడుకుని నిద్రపోతోంది. నేను పాలు తీసుకెళ్ళి, "నొప్పి ఎలా ఉందే?" అన్నాను.

"పర్వాలేదక్కా" అంది.

అనుమానం వచ్చి దుప్పటి తీసి రెండు చేతులూ చూశాను. కుడిచేతికి కట్టు, ఎడమచేతికి మామూలు మట్టిగాజులు. కడియం లేదు. అప్పుడు తట్టింది నాకు. ఆ మాటని ఫణి కడియానికి నేర్పాడు సరే, ఫణికి ఎవరు నేర్పారు? మా అత్తగారు నేర్పింది, నేను నేర్పాను, ఝాన్సీ నేర్పింది. ఎవరన్నా ఎలా ఉన్నావని అడిగితే ఈ ఇంటి ఆడవాళ్ళం ఇన్నేళ్ళూ వాడికి చెప్పిన జవాబు అదొక్కటే.

గ్లాసు పక్కన పెట్టి మంచం మీద కూర్చున్నాను.

"ఆ మాట నాతో అనకు. నిజంగా ఎలా ఉందో చెప్పు."

ఝాన్సీ నా వంక తిరిగింది. "చెబితే ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యలేను. వింటాను."

తను కళ్ళు మూసుకుంది. కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుని మొదలుపెట్టింది. ముందు నన్నే తిట్టింది.